చీకట్లో అలికిడి: చెవితో ఆడే ఒక ఆట

సాహిత్య మాసపత్రికలో వీడియో ఆట గురించి రాతలేమిటని నొసలు చిట్లించే పాఠకులు కొందరుంటారు. వారి అభ్యంతరం కొత్తది కాదు. సినిమా వచ్చినప్పుడూ, రేడియో వచ్చినప్పుడూ ఇదే మాట వినబడింది. తరవాత శ్రవ్యనాటిక ఒక ప్రక్రియ అయింది, సినిమా విమర్శకు పుస్తకాలు వచ్చాయి. మనిషికి భయాన్నో, జాలినో, ఆశ్చర్యాన్నో ఒక పద్ధతి ప్రకారం కలిగించే ఏ వస్తువునైనా రసదృష్టితో చూడవచ్చు. మన పూర్వులు భయానకాన్ని రసాల్లో ఒకటిగా లెక్కపెట్టారే గాని, కావ్యాల్లో దానికి వేసిన పీట చిన్నది. శృంగారాన్నీ వీరాన్నీ కరుణనూ ముందు వరసలో కూర్చోబెట్టి, భయానకాన్ని ఓ మూలకు సర్దాం. ఆ మూలన కూర్చున్న రసం ఇవాళ పిల్లల చేతిఫోన్లలో మకాం పెట్టింది. కాబట్టి అక్కడికే వెళ్ళి పలకరించాలి.

ఇక్కడ తీసుకున్న ఆట పేరు 'డార్క్ ఎకో'. కెనడా దేశపు ర్యాక్ సెవెన్ అనే చిన్న సంస్థ, ఇద్దరంటే ఇద్దరు మనుషులు, దీన్ని 2015లో మొదట ఫోన్లకూ ఆ ఏడాదే కంప్యూటర్లకూ విడుదల చేశారు. ఇందులో బొమ్మలు లేవు. తెర మొత్తం నలుపు. మధ్యలో ఒక జత పాదాల గుర్తులు, అంతే. ఆ పాదాలు మనవి. వేలు పెట్టి అదిమితే అడుగులు పడతాయి. అడుగు పడగానే చప్పుడు పుడుతుంది. ఆ చప్పుడు సన్నని తెల్ల గీతలుగా నలుదిక్కులకూ పరిగెత్తి, గోడలకు తగిలి వెనక్కి మళ్ళి, కాసేపటికి ఆరిపోతుంది. గీత ఎక్కడ మళ్ళిందో అక్కడ గోడ ఉందని అర్థం. మళ్ళకుండా దూరం పోతే అక్కడ దారి ఉందని అర్థం. నీళ్ళలో కాలుపెడితే గీతలు నీలమవుతాయి. ఎక్కడి నుంచో ఎర్రని గీతలు వచ్చాయా, అక్కడ మనల్ని తినేది ఏదో ఉంది. అది ఎలా ఉంటుందో ఆట చివరిదాకా చూపించరు. ఇలాంటి అంకాలు మొత్తం 80.

ఆట నియమం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: దారి తెలియాలంటే చప్పుడు చెయ్యాలి, చప్పుడు చేస్తే మనం ఉన్నామని శత్రువుకు తెలిసిపోతుంది. గట్టిగా కాలు తాటిస్తే గీతలు దూరం దాకా వెళ్ళి గది మొత్తం తెలుస్తుంది. ఆ మోతకే ఎర్రగీతలు ఇటు కదులుతాయి. మునివేళ్ళ మీద నడిచినట్టు మెల్లగా అడుగు వేస్తే శత్రువుకు తెలియదు, మనకూ ఏమీ తెలియదు. కొన్నిచోట్ల రాళ్ళు దొరుకుతాయి. రాయి దూరంగా విసిరి, దాని చప్పుడు మీదికి ఆ మృగాన్ని పంపి, మనం ఇటునుంచి జారుకోవచ్చు. తెలుసుకోవడం, దాక్కోవడం రెండూ ఒకదానికొకటి పగ. ఈ రెండింటి మధ్య ఆటగాడు నలిగిపోతాడు. భయం పుట్టేది ఆ నలుగుడులోంచి. దెయ్యం ముఖం చూపించి, నెత్తురు కార్చి పుట్టించే జడుపుకూ దీనికీ చాలా తేడా ఉంది. జడుపు ఒక్క క్షణం ఉండి పోతుంది. ఇది అడుగడుగునా మన చేత లెక్కలు వేయిస్తుంది.

ఈ నియమం మనకు కొత్తది కాదు. రామాయణంలోనే ఉంది. అయోధ్యాకాండలో రాముడు అడవికి వెళ్ళాక, ప్రాణం పోయే రాత్రి దశరథుడు కౌసల్యకు తన పాతపాపం చెప్పుకుంటాడు. యువరాజుగా ఉన్నప్పుడు, వానాకాలం రాత్రి, సరయూ తీరాన నీళ్ళకు వచ్చే మృగం కోసం పొంచి ఉన్నాడు. కళ్ళకు ఏమీ ఆనని చీకటి. నీళ్ళలో కుండ బుడబుడమని నిండే చప్పుడు విన్నాడు. ఏనుగు అనుకున్నాడు. చప్పుడునే గురిగా పెట్టుకొని బాణం వేశాడు. శబ్దవేధి అని ఆ విద్యకు పేరు. బాణం తగిలింది గుడ్డి తల్లిదండ్రుల కోసం నీళ్ళు ముంచుకుంటున్న కుర్రవాడికి. తెలుగువాళ్ళం అతణ్ణి శ్రవణకుమారుడంటాం, శ్రవణమంటే వినడమే. కథ అక్కడితో ఆగదు. రాజు కుండ ఎత్తుకొని ఆ ముసలివాళ్ళ దగ్గరకు వెళితే, అడుగుల చప్పుడు విని వాళ్ళు కొడుకే వచ్చాడనుకొని మాట్లాడతారు. ఒకే రాత్రి రెండుసార్లు చెవి మోసపోయింది. ఒకసారి ప్రాణం తీసింది, రెండోసారి గుండె కోసింది.

'డార్క్ ఎకో'లో మనల్ని ఉంచింది శ్రవణకుమారుడి స్థానంలో. మనం కుండ ముంచుతున్నాం, చీకట్లో ఎవడో విల్లు ఎక్కుపెట్టాడు. తేడా ఏమంటే, మనం కుండ ముంచక తప్పదని మనకు తెలుసు, విల్లు ఉన్నదనీ తెలుసు. వాల్మీకి కథలో చంపినవాడికి ముఖం ఉంది, ఏడుపు ఉంది, ముసలితనంలో దాన్ని చెప్పుకునే నోరు ఉంది. ఈ ఆటలో వేటగాడు ఎర్రగీత మాత్రమే. అందువల్ల భయం ఉంది గాని, ఆ భయం కరుణగా మారదు. ఈ ఆటకు నా మొదటి అభ్యంతరం ఇదే. దీన్ని గురించి మళ్ళీ చెబుతాను.

మన హోసూరు ప్రాంతపు పాఠకులకు రామాయణం దాకా కూడా వెళ్ళనక్కరలేదు. ఏటా వానలు వెనకబట్టాక బన్నేరుగట్ట వైపునుంచి ఏనుగుల మందలు రాష్ట్రపు ఎల్ల దాటి జవళగిరి, తళి, డెంకణికోట అడవుల్లోకి దిగుతాయి. కొన్ని సానమావు దాకా, శూలగిరి దాకా వస్తాయి. సరిగ్గా రాగి పంట కోతకు వచ్చే కాలం అది. చేను కాసే రైతు రాత్రి మంచె మీద కూర్చుని చేసే పని ఏమిటి? వినడం. అంత పెద్ద జంతువు, అడుగు మెత్తన. నడిస్తే సద్దు ఉండదు. కొమ్మ విరిగితే, కంకి పీకిన సరసర వినబడితే, కుక్క మొరిగే తీరు మారితే తెలియాలి. వచ్చిందని తెలిశాక ఆ రైతుకూ ఈ ఆటగాడికి ఉన్న చిక్కే. డబ్బా వాయించి, టపాకాయ కాల్చి తరమవచ్చు. ఆ చప్పుడు మీదికే ఏనుగు తిరగబడవచ్చు. ఊరుకుంటే పంట పోతుంది, ఉలిక్కిపడి కదిలితే ప్రాణం పోవచ్చు. ఇది ఆట కాదు. ఆ మంచె మీద ఓడినవాడికి రెండో ప్రయత్నం లేదు.

ఇంకొక సంగతి. ఏనుగులు మన చెవికి అందని స్థాయిలో కూడా మాట్లాడుకుంటాయని 1984లో కేటీ పేన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని ఒక జూలో కనిపెట్టింది. సెకనుకు 20 కంపనాల కన్నా తక్కువ ఉన్న ధ్వనిని మనిషి చెవి పట్టలేదు. ఏనుగు దాన్నే వాడుకొని మైళ్ళ దూరానికి కబురు పంపుతుంది. అంటే మంచె మీద కూర్చున్న రైతు ఎంత చెవి రిక్కించినా, ఆ చీకట్లో జరిగే సంభాషణలో సగం అతనికి అందదు. ఈ ఆట చేసినవారికి ఇలాంటి ఆలోచన వచ్చి ఉంటే, మనకు వినబడని శత్రువును కూడా కల్పించేవారు. అప్పుడు ఎర్రగీత రాకపోయినా నమ్మకం ఉండేది కాదు. ఇప్పుడైతే ఎరుపు కనబడలేదంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చుననే భరోసా ఆటగాడికి మిగిలింది. భయానకానికి ఆ భరోసా చేటు.

ధ్వనికి ఈ ఆటలో ఉన్నవి నాలుగైదు రంగులు. మన భాషలో ఉన్న మాటలు లెక్కపెట్టి చూడండి. సడి, సద్దు, చప్పుడు, సవ్వడి, మోత, రొద, హోరు, గోల. ఇవి ఒకదానికి ఒకటి పర్యాయపదాలని నిఘంటువు అనవచ్చు, నాలుక ఒప్పుకోదు. వానకు హోరు, ఈగలకు రొద, డప్పుకు మోత, గాజులకు సవ్వడి. వీటన్నిటిలో 'అలికిడి' అనేది ప్రత్యేకం. రాయి దొర్లితే చప్పుడే గాని అలికిడి కాదు. చప్పుడు వెనక ఒక ప్రాణి ఉందని, అది ఇటు వస్తున్నదని మనసుకు తోస్తే అది అలికిడి. 'అలికిడైతే పలకరించు' అంటాం. ఈ ఆట మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పగల శక్తి ఆ మాటకుంది. చప్పుడుకూ అలికిడికీ ఉన్న తేడాను కనిపెట్టడమే ఆటగాడి బతుకు. మన ప్రాంతంలో ఇళ్ళలో ఎక్కువగా వాడేది 'సద్దు'. 'సద్దు చెయ్యొద్దు' అని తల్లి పసిబిడ్డ నిద్రపోయేటప్పుడు అంటుంది. ఈ ఆట కూడా 80 అంకాల్లో చెప్పేది ఆ రెండు మాటలే.

ఇలాంటి ఆటలకు 'డార్క్ ఎకో' తొలిచూలు కాదు. 1996లో జపాన్‌లో కెంజి ఏనో అనే రూపకర్త 'ఎనిమీ జీరో' అని ఒకటి చేశాడు. అంతరిక్ష నౌకలో కంటికి కనబడని శత్రువులు. చెవిలో స్వరం మోగుతుంది. హెచ్చు స్వరమైతే శత్రువు ఎదుట, మధ్యమమైతే పక్కన, మంద్రమైతే వెనక. స్వరం ఎక్కడ పలికిందన్నదానిమీద ప్రాణం ఆధారపడిన ఆట అది. సంగీతం తెలిసినవాడు దాన్ని బాగా ఆడతాడని వేరే చెప్పాలా? అదే ఏనో మరుసటి ఏడు, 1997లో, 'రియల్ సౌండ్' అనే ఆటలో బొమ్మను పూర్తిగా తీసివేశాడు. అది భయం కథ కాదు, ప్రేమకథ. తెర చీకటి, మాటలూ చప్పుళ్ళూ మాత్రమే. తన ఆటలు ఆడాలని ఆశపడిన చూపులేని వారిని కలిసిన తరవాత అతనికి ఆ ఊహ వచ్చింది. ఆట ఇవ్వాలంటే చూపులేని వారికి వెయ్యి యంత్రాలు ఉచితంగా పంచాలని సేగా సంస్థతో ఒప్పందం చేసుకున్నాడు, వెయ్యి ప్రతులు తాను ఇచ్చాడు. ఆడే విధానాన్ని చుక్కల లిపిలో అచ్చువేయించాడు. ఏనో 2013లో, 42వ ఏట పోయాడు. 2010లో లండన్‌లో చేసిన 'పాపా సాంగ్రే' కూడా అంతే, చెవికి తప్ప కంటికి పని లేని భయం కథ. రెండు బొటనవేళ్ళతో కుడి ఎడమ అడుగులు వేస్తూ, ఎటునుంచి గురక వస్తున్నదో విని, ఆ నిద్రపోయే మృగాన్ని లేపకుండా తప్పుకోవాలి. పరిగెత్తితే తొట్రుపడతాం. అది ఇప్పుడు అంగడిలో దొరకదు.

వీటి పక్కన పెట్టి చూస్తే 'డార్క్ ఎకో' లోపం తెలుస్తుంది. ఇది చెవి ఆట అని చెప్పుకుంటుంది, కాని ధ్వనిని గీతగా గీసి కంటికే అప్పజెబుతుంది. చిన్న పరీక్ష చేసి చూడండి. చెవిలో పెట్టుకున్నవి తీసేసి ఆడితే ఆట సాగుతుంది. కళ్ళు మూసుకొని ఆడితే సాగదు. 2017లో వచ్చిన 'పర్సెప్షన్' అనే పెద్ద ఆటకూ ఇదే జబ్బు. అందులో కథానాయిక క్యాసీకి చూపు లేదు. చేతికర్రతో నేలమీద కొడితే, ఆ ప్రతిధ్వనిలో పాతబంగళా గదులు నీలికాంతితో ఒక్క క్షణం మెరుస్తాయి. కర్ర ఎక్కువగా కొడితే ఆ ఇంట్లో ఉన్న పిశాచం వచ్చి పడుతుంది. ఊహ గొప్పదే. కాని చూపులేని అమ్మాయి కథను చూపులేని అమ్మాయి ఆడలేదు. కళ్ళున్నవాళ్ళు గుడ్డితనాన్ని రెండుగంటలు అద్దెకు తీసుకొని, మళ్ళీ దీపం వేసుకొని లేచిపోవడానికి పనికొస్తుంది.

ఇక్కడ ఎదురుమాట ఒకటి ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. గీతలు ఉండబట్టే వినికిడి లేని పిల్లవాడు కూడా 'డార్క్ ఎకో' ఆడగలడు. చప్పుడంటే ఏమిటో, అది గోడకు తగిలి ఎలా మళ్ళుతుందో, వాడికి ఇంత చక్కగా చూపించిన వస్తువు మరొకటి దొరకడం కష్టం. ఆ మేరకు ఈ ఆటకు రుణపడాలి. కాని ఆ మేలు, చెవిని నమ్ముకున్న ఆటగా దాని గొప్పతనానికి సాక్ష్యం కాదు.

రెండో లోపం ముందే ప్రస్తావించాను. మనం ఎవరం, ఎందుకు ఈ చీకట్లో పడ్డాం, తలుపు దాటితే ఏముంది అనేవాటికి ఆటలో దాదాపు ఏ జవాబూ లేదు. మొదటి పది అంకాల్లో ఈ మౌనం భయాన్ని పెంచుతుంది. ముప్పై దాటేసరికి అదే మౌనం దాన్ని చప్పబరుస్తుంది. చచ్చినప్పుడల్లా అదే గది మొదటినుంచి వస్తుంది. నాలుగుసార్లు చచ్చాక గది కంఠస్థమవుతుంది. అప్పటినుంచి ఆడేది భయంతో కాదు, జ్ఞాపకంతో. మృత్యువు చౌక అయినచోట భయానకం నిలవదు. 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రాత్రి' సినిమాలో మామూలు ఇల్లు, మామూలు కుటుంబం, వాళ్ళ మామూలు మాటలు ఉన్నాయి. ఆ మామూలు మీద నిశ్శబ్దం పడ్డప్పుడే ప్రేక్షకుడి చెయ్యి కుర్చీని పట్టుకుంది. పోగొట్టుకునేది ఏదో ఉంటేనే భయం. పాదాల గుర్తులకు పోగొట్టుకునేది ఏముంది?

ఇంతా రాసింది ఒక విదేశీ ఆటకు మార్కులు వెయ్యడానికి కాదు. చెవి ఒక్కదానితో కథ నడపవచ్చుననే సంగతి మనకు ఎవరికన్నా ఎక్కువ తెలిసి ఉండాలి. 1938లో మద్రాసు కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం మొదలైన తరవాత తెలుగువాళ్ళు దశాబ్దాలపాటు నాటకాన్ని చెవితో చూశారు. కొబ్బరిచిప్పలు గుర్రపు డెక్కలయ్యాయి, రేకు ఊపితే ఉరుమయింది. అంతకు ముందునుంచీ ద్రౌపదమ్మ గుళ్ళ ముందర రాత్రంతా భారతం విన్న ఊళ్ళు మనవి. వెనక వరసలో కూర్చున్న ముసలమ్మకు వేషం కనబడేది కాదు, గొంతు వినబడేది. అయినా కీచకుడు ఎప్పుడు వచ్చాడో ఆమెకు ముందే తెలిసేది.

ఇవాళ మన పిల్లల తెలుగు ఎక్కువగా చెవిమీదే నడుస్తోంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఏడాదికొక తరగతి చొప్పున ఎక్కుతూ 2015-16కు పదో తరగతికి చేరింది. పరీక్షల వరకు న్యాయస్థానాల్లో కొన్ని మినహాయింపులు దొరికినా, ఇంట్లో ధారాళంగా తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం కూడబలుక్కోలేని కుర్రకారు హోసూరులోనూ కృష్ణగిరిలోనూ తయారైంది. ఈ పత్రిక వాళ్ళ చేతిలో పెడితే వాళ్ళకు ఇది నల్లని తెర. తాత చదివి వినిపిస్తే గీతలు మెరుస్తాయి, తాత ఆగితే ఆరిపోతాయి. అక్షరం నేర్పే పని ఒకపక్క జరగవలసిందే, దానికి ఇది బదులు కాదు. కాని అక్షరం వచ్చేదాకా ఆ చెవిని పస్తు ఉంచవలసిన పని లేదు.

బేరికె పక్కనో తళి పక్కనో ఒక రాగిచేను. మంచెమీద ఒక అవ్వ, ఒక మనమడు. తెర చీకటి, గీతలు కూడా వద్దు. అవ్వ ఈ సీమ తెలుగులో మాట్లాడుతుంది: అది గాలి, అది నక్క, అది నీ తాత దగ్గు, ఇది మాత్రం వేరే. అవ్వకు చెవుడు ముదురుతున్న కొద్దీ వినవలసిన బరువు మనమడిమీద, అంటే ఆటగాడిమీద పడుతుంది. డబ్బా వాయించాలా, ఊరుకోవాలా? అవ్వ అంటూ ఒకతె ఉంది కాబట్టి పోగొట్టుకునేది ఉంది. 'డార్క్ ఎకో'లో లేనిది ఇదే. ఇది చెయ్యడానికి పెద్ద కర్మాగారం అక్కరలేదని ఆ కెనడావాళ్ళు ఇద్దరే రుజువు చేశారు. ఒక మంచి రికార్డరు, నాలుగు గొంతులు, యంత్రం తెలిసిన ఒక కుర్రవాడు చాలు. హోసూరు కార్ఖానాల్లోనూ పక్కనే ఉన్న బెంగుళూరు కంపెనీల్లోనూ అలాంటి కుర్రవాళ్ళకు కొదవ లేదు. కొదవ ఉన్నది చెవికోసం రాయగల రచయితలకు. మనం కథ రాసేటప్పుడు 'అతని కళ్ళు ఎర్రబడ్డాయి' అని సులువుగా రాసేస్తాం. కన్ను లేకుండా ఆ కోపాన్ని వినిపించమంటే కలం ఆగుతుంది. ఈ పత్రిక కథకులు తమ కథ ఒకటి తీసుకొని, దీపం ఆర్పి, ఎవరిచేతనైనా చదివించుకొని వింటే ఎక్కడ ఆగిందో వాళ్ళకే తెలుస్తుంది.

'డార్క్ ఎకో' ఆడదలచినవారు ఇంట్లో అందరూ పడుకున్నాక, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని, మొదటి ఇరవై అంకాలు ఒక విడత ఆడండి. దాని బలమంతా అందులోనే ఉంది. మిగిలినవి ఓపిక ఉన్నవారికి. ఆడటం చేతకాని పెద్దలు మనమడి పక్కన కూర్చుని వినండి. వాడు ఎక్కడ ఊపిరి బిగబట్టాడో, ఎక్కడ తెలియకుండా తెలుగులో 'అయ్యో' అన్నాడో గమనించండి. చెవికోసం రాసేవాడికి కావలసిన పాఠం అక్కడ దొరుకుతుంది.